కోరలబ్బాయి తలుపు తడతాడు

ఈడొచ్చిన కూతురున్న ప్రతి తండ్రికీ నాదొక సలహా. మీ అమ్మాయి ఎవరినైనా ప్రేమించక తప్పదంటే, రక్తపిశాచినే ప్రేమించాలని కోరుకోండి!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. ఇంజనీరుని ప్రేమిస్తే ఏమవుతుందో చూశాం. గిటారు వాయించేవాణ్ణి ప్రేమిస్తే ఏమవుతుందో విన్నాం. ఇక మిగిలింది శవమే. ఆ శవం అందగాడై, కాలేజీలో చదువుతూ, మధ్యమధ్య కవిత్వం కూడా చెబుతుంటే అంతకన్నా ఏం కావాలి?

ఈ జ్ఞానం నాకు ఒక దిండు కింద దొరికింది. పదహారేళ్ళ మా అమ్మాయి గదిలో నెయిల్ కట్టర్ కోసం వెతుకుతున్నాను. ఆ గదిలోకి నేను రోజుకి ఏడెనిమిది సార్లు వెళ్తాను. నెయిల్ కట్టర్, ఛార్జర్, గమ్ సీసా, కిటికీ వేసి ఉందో లేదో చూడటం... తండ్రన్నాక ఏదో ఒక పని ఉంటుంది. దిండు ఎత్తితే నాలుగు వందల పన్నెండు పేజీల నవల. నల్లటి అట్ట. దాని మీద ఒక తెల్లటి మెడ. ఆ మెడకి బెత్తెడు దూరంలో ఆగిపోయిన ఒక నోరు.

నేను మనుషుల మధ్య తక్కువ, మనస్తత్వ శాస్త్ర గ్రంథాల మధ్య ఎక్కువ బతికే మనిషిని. అలాంటివాడి చేతికి అలాంటి పుస్తకం దొరికితే వదులుతాడా? అక్కడే, దాని కుర్చీలోనే కూర్చుని ఒక్క పూటలో పూర్తి చేశాను. తిరిగి దిండు కింద పెట్టేటప్పుడు అట్ట ఏ వైపుకి ఉండేదో ఆ వైపుకే తిప్పి పెట్టాను. మర్యాద ముఖ్యం కదా!

కథ చిన్నది. కొత్త ఊళ్ళో సాయంత్రం కాలేజీలో చేరిన ఒక పిల్ల. ఆమె పక్క బెంచీలో పాలిపోయిన ఒక కుర్రాడు. ఎండలోకి రాడు, క్యాంటీన్‌లో మంచినీళ్ళు కూడా ముట్టడు, అటెండెన్స్ మాత్రం నూటికి నూరు. వయసు రెండు వందల పద్నాలుగేళ్ళు. పేరేదో ఉంది గానీ నాకు నోరు తిరగదు. మనం కోరలబ్బాయి అందాం.

ఇక కోరలబ్బాయి సుగుణాలు వినండి.

తిండి దగ్గర పేచీ లేదు. అల్లుడొచ్చాడని ఎవరూ వంటింట్లో మాడిపోనక్కర్లేదు. ఉప్పు ఎక్కువైందనడు, చల్లారిపోయిందనడు. తినేది ఒకటే ఐటమ్. అదీ మీ అమ్మాయి ఒంట్లోనే, ఎప్పుడూ గోరువెచ్చగా, తాజాగా సిద్ధంగా ఉంటుంది!

అద్దంలో కనపడడు. కాబట్టి బాత్రూమ్‌లో దూరి గంటన్నర జుట్టు దువ్వుకోడు. ఫోటోలో పడడు. కాబట్టి బుగ్గా బుగ్గా ఆనించుకున్న సెల్ఫీ మీ ఆఫీసువాళ్ళ ఫోన్లలో ఊరేగదు. నిద్రపోడు, కనక గురకపెట్టడు. గుండె కొట్టుకోదు, కనక బీపీ లేదు.

అత్తగారా? పోయి నూట ఎనభై ఏళ్ళయింది. ఆడపడుచులా? ఆ పక్క సమాధిలోనే. ఇంత ప్రశాంతమైన అత్తారిల్లు ఏ మ్యాట్రిమొనీ సైట్లో దొరుకుతుందో చెప్పండి!

వయసు తేడా సంగతేమిటంటారా? పదేళ్ళయితే తేడా. రెండు వందల ఏళ్ళయితే అది చరిత్ర. పైగా ఇన్నేళ్ళుగా అదే సెకండియర్ చదువుతున్నాడు, ఒక్క లెక్చరర్ కూడా ఇంటికి ఫోన్ చెయ్యలేదు. మా అమ్మాయికి ఒక సబ్జెక్టులో నాలుగు మార్కులు తగ్గినప్పుడు నేను ఏర్పాటు చేసిన సమావేశం రెండున్నర గంటలు నడిచింది. అటువైపు కూర్చున్న అమ్మాయికి మాట్లాడే అవకాశం రాలేదు. సమయం సరిపోలేదు.

దీని వెనకున్న మానసిక సూత్రం కూడా చెబుతాను. పదహారేళ్ళ మనసులో భయమూ కోరికా ఒకే గదిలో కాపురముంటాయి, మధ్యలో గోడ ఇంకా లేవలేదు. కోరలున్నవాడు వాటిని వాడకుండా నిలబడితే ఆ మనసులో ఒక వణుకు పుడుతుంది. నాకు హాని చెయ్యగలిగినవాడు చెయ్యకుండా ఆగాడు అన్న వణుకు. ఆ వయసు దానికే ప్రేమ అని పేరు పెట్టుకుంటుంది. నేను ఎన్నో గ్రంథాలు తిరగేసి తేల్చిన విషయమిది. ఇంట్లోనే ఉన్న పదహారేళ్ళ మనిషిని మాత్రం అడగలేదు. శాస్త్రజ్ఞుడు సీసాలోని పురుగుతో మాట్లాడితే పరిశోధన పాడైపోదూ!

అన్నిటికన్నా నన్ను నవ్వించింది అరవై ఒకటో పేజీ.

రక్తపిశాచులకి ఒక నియమం ఉందట. ఎంత బలవంతుడైనా సరే, లోపలున్న మనిషి 'రా' అంటే తప్ప గడప దాటకూడదు. కోరలబ్బాయి అరవై ఒకటో పేజీలో ఆ పిల్ల తలుపు తడతాడు. లోపలికి రావచ్చా అంటాడు. ఆ పిల్ల జవాబు చెప్పదు. వాడు అక్కడే నిలబడతాడు. వాన పడుతుంది, నిలబడతాడు. మంచు పడుతుంది, నిలబడతాడు. నూట ముప్ఫై ఎనిమిదో పేజీలో ఆ పిల్ల 'రా' అంటుంది. డెబ్భై ఏడు పేజీలు! ఒక్క భుజం పోటుకి ఊడొచ్చే తలుపు ముందు డెబ్భై ఏడు పేజీలు నిలబడే వెధవ ఎక్కడైనా ఉంటాడా?

ఆ అరవై ఒకటో పేజీ అంచున మా అమ్మాయి పెన్సిల్‌తో ఒక వాక్యం రాసుకుంది. ఇదిగో.

'. . . . . . కనీసం . . . . . .'

ఆ చుక్కలేమిటో తర్వాత చెబుతాను. చూశారా మరి? ఆడపిల్ల శవంతో ప్రేమలో పడింది! నాకు నవ్వాగలేదు. ఆ ఆదివారం మా అక్కా బావా వస్తే పుస్తకం తెచ్చి, గొంతు మార్చి, నటిస్తూ చదివి వినిపించాను.

"ఒరేయ్, దీనికి బాగా ముదిరిందిరా," అంది అక్క. గది వైపు తిరిగి కేకేసింది. "రక్తం తాగేవాడు నచ్చడమేమిటే తల్లీ? మీ మామయ్య ముప్ఫై ఏళ్ళుగా నా రక్తం తాగుతున్నాడు. ఆయన మీద ఎవరైనా నవల రాశారా?"

"తాగుదామంటే నువ్వు మిగిల్చింది ఉంటే కదా," అన్నాడు బావ టీ కప్పు దించకుండానే.

ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం.

అంతటితో ఆగితే నేను కాలమిస్టుని ఎలా అవుతాను? రెండు వారాల కిందట ఈ పత్రికలో ఇదే పేజీలో, ఇదే చోట, ఆ తలుపు కథనీ, ఆ వాక్యాన్నీ పూర్తిగా, కొటేషన్ గుర్తులతో సహా అచ్చేయించాను. మీరు కడుపుబ్బ నవ్వామని రాశారు. ఒకాయన తన భార్యకి రెండుసార్లు చదివి వినిపించాడట. నేను పొంగిపోయాను.

మర్నాడు మా అమ్మాయి క్లాసులో అడుగుపెట్టగానే వెనక బెంచీలన్నీ ఒక్క గొంతుతో అరిచాయట. "లోపలికి రావచ్చా?" ఎకనామిక్స్ లెక్చరర్ కూడా చాక్‌పీసు పట్టుకుని, "రావచ్చమ్మా, రావచ్చు," అన్నాడట. ఆ రోజు నుంచి క్లాసులో దాని పేరే అది. హాజరు పట్టీలో ఉన్న పేరు ఇప్పుడెవరూ వాడటం లేదు.

ఇదంతా వాళ్ళమ్మ చెబితే తెలిసింది. ఎందుకంటే మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసి పదమూడు రోజులైంది. ఎదురుగా నేనుంటాను. "అమ్మా, నాన్నని కాస్త జరగమను, ఫ్రిజ్ తలుపు తియ్యాలి," అంటుంది.

మూడో రోజున ఆ నవల నా బల్ల మీద కనిపించింది. తెరిచి చూశాను. నాలుగు వందల పన్నెండు పేజీల్లో ఎక్కడా ఒక్క పెన్సిల్ గీత లేదు. అన్నీ చెరిపేసింది. ప్రతి పేజీ మడతలోనూ రబ్బరు పొడి. దాని దిండు కింద ఇప్పుడేమీ లేదు. నేను చూశాను.

మా ఆవిడ డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీస్తుంది. మా ఇంట్లో ఆ పనికి సర్టిఫికెట్ ఉన్నది ఆవిడ ఒక్కతికే. బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి ధైర్యం చెప్పాను.

"కంగారుపడకు. ఈ వయసులో ఇది సహజం. కల్పిత పురుషుడి మీద మనసు..."

"అందులో 'కనీసం' అని ఉంది, చూశారా?" అంది.

"ఎందులో?"

"అది రాసుకున్నదాంట్లో. మీరు ఊరంతా అచ్చేయించినదాంట్లో."

"ఉంటే?"

"కనీసం అని ఊరికే రాస్తారా ఎవరైనా? ఎవరితో పోల్చి రాసింది?"

నాకు ఏ గ్రంథమూ గుర్తు రాలేదు.

"రోజుకి అరవై మందికి సూది గుచ్చుతాను," అంది తువ్వాలు దులుపుతూ. "వాళ్ళంతట వాళ్ళొచ్చి చెయ్యి చాపి కూర్చుంటారు. అయినా 'తియ్యనా అమ్మా?' అని అడిగే గుచ్చుతాను. దాని దిండు ఎత్తేముందు మీరు అడిగారా?"

"కన్నకూతుర్ని అడగడమేమిటి? రక్తసంబంధం!"

"నేనూ అదే అంటున్నా," అంది.

నా గదికి వెళ్ళి తలుపేసుకుని ఆలోచించాను. నా గదికి రెండు గడియలు, పైనొకటి, కిందొకటి. ఆలోచించే మనిషికి ఏకాంతం కావాలి కదా! మా అమ్మాయి గదికీ లోపలి వైపు ఒక గడియ ఉండేది. పోయినేడాది పరీక్షల ముందు నేనే ఊడదీశాను. చదువుతోందో లేదో చూడొద్దూ? ఆ గడియా, దాని నాలుగు స్క్రూలూ నా బల్ల సొరుగులో కవర్లో భద్రంగా ఉన్నాయి.

కాబట్టి తండ్రులారా, నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నవలల్ని ఇంట్లోకి రానివ్వకండి! కోరల గురించి కాదు నా భయం. కోరలతో పిల్లలకి ప్రమాదమేమీ లేదు, ఇంట్లో చూస్తూనే పెరిగారు. తలుపు తట్టడంతోనే ప్రమాదం. లోపలికి రావడానికి ఒకడు అడుగుతాడని, వద్దంటే ఆగుతాడని ఆ పుస్తకం నేర్పుతుంది. అది నమ్మిన పిల్ల రేపు మన వైపు చూస్తే? మనం ఇన్నేళ్ళుగా ప్రేమ అని చెప్పి అడగకుండా దూరిన చోట్లన్నీ దానికి వేరేగా కనిపిస్తే? రెండు వందల ఏళ్ళ కిందట చచ్చినవాడికున్నపాటి ఇంగితం బతికున్న తండ్రికి లేదని తేలిపోదూ!

ఇంతవరకూ రాసి, నిన్న మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని దాని గది ముందుకెళ్ళాను. గడియ లేని తలుపు. చిటికెన వేలితో తోస్తే తెరుచుకుంటుంది. తట్టాను. నా ఇంట్లో నేను తలుపు తట్టడం అదే మొదటిసారి. ఎంత గట్టిగా తట్టాలో తెలియలేదు.

"ఎవరు?" అంది లోపలి నుంచి. మా ఇంట్లో ఎవరూ తట్టరు కనక బయటివాళ్ళనుకుంది.

"నేను."

"నేనంటే?"

"నాన్నని. లోపలికి రావచ్చా?"

అన్నాక గానీ గుర్తు రాలేదు, వెనక బెంచీలు అరిచేది సరిగ్గా ఆ మాటే అని.

"వద్దు."

పదమూడు రోజుల్లో నేనని తెలిసి నాతో అన్న మొదటి మాట. నిలబడ్డాను. కాసేపటికి కాగితాలు తలుపు కింది నుంచి లోపలికి తోశాను. "చదువు. నువ్వు వద్దన్నది వెయ్యను. మొత్తం వద్దంటే మొత్తం వెయ్యను," అన్నాను.

లోపల కాగితాలు తిరిగాయి. ఆ తర్వాత పెన్సిల్ చప్పుడు. మా ఇంట్లో ఆ చప్పుడు విని పది రోజులు దాటింది.

తిరిగొచ్చిన కాగితాల్లో తను రాసుకున్న వాక్యం కొట్టేసి ఉంది. అందులో ఒక్క మాట మాత్రం ఉంచింది. మీరు పైన చూసిన చుక్కలు అవే. రెండు వారాల కిందట పూర్తి వాక్యం చదివినవాళ్ళు దయచేసి మరిచిపోండి. అది నా సొత్తు కాదు, మీకు ఇవ్వడానికి. ఇంకో చోట, గడియ ఊడదీశానన్న దగ్గర, అంచున 'ఏదీ?' అని ఉంది.

సొరుగులోంచి కవరు తెచ్చాను, స్క్రూడ్రైవర్ తెచ్చాను.

"బిగించాలంటే లోపలికి రావాలి కదమ్మా," అన్నాను తలుపుతో.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఒక చెయ్యి బయటికొచ్చి కవరూ స్క్రూడ్రైవరూ అందుకుంది. తలుపు మూసుకుంది.

గడప ఇవతల నిలబడ్డాను. మొదటి స్క్రూ తిరిగింది. రెండోది, మూడోది తిరిగాయి. నాలుగోది మొరాయిస్తోంది. అది మొదటి నుంచీ అంతే, కొంచెం ఎడమకి వంచి పట్టుకోవాలి. చెబుదామని నోటి దాకా వచ్చింది. నన్నెవరూ అడగలేదు.

ఈ చివరి పేరాలు కూడా తలుపు కింది నుంచి వెళ్ళి వచ్చినవే. నాలుగో స్క్రూ తిరగలేదని నేను రాశాను. అది కొట్టేసి, పైన పెన్సిల్‌తో 'తిరిగింది' అని దిద్దింది.

నిజమే. గడియ పడిన చప్పుడు నేనూ విన్నాను.