పాఫ్నూతీ స్వామి గొంతులో చేపముల్లు

స్వర్గస్థులైన పాఫ్నూతీ స్వామివారి గురించి ఊళ్ళో తిరుగుతున్న కట్టుకథలను నిజాల నుంచి వేరుచేసే నిమిత్తం, పీటర్స్‌బర్గ్ దర్బారు వారు ఒక విచారణ సంఘాన్ని నియమించారు. నిష్పక్షపాతానికి లోటు రాకూడదని, స్వామివారి చేతిని ముద్దు పెట్టుకున్నవారినే సభ్యులుగా ఏరి కూర్చోబెట్టారు. అధ్యక్షులు జనరల్ ఇపోలిత్ మార్కోవిచ్. స్వామి కొరికి వదిలిన రొట్టెముక్కను వెండి డబ్బీలో పెట్టుకుని తిరిగే సత్యాన్వేషి.

ఈ కబురు విని అందరికంటే ఎక్కువగా సంతోషించింది స్వామివారి వంటమనిషి మెలితీనా. ఆమె భర్త సిసోయ్ చర్చిలో గంటలు కొట్టేవాడు. ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాల్లో చేప తినకూడదని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. కిందటేడు ఆ రోజుల్లోనే, "స్వామి చేప లాగిస్తున్నాడర్రా!" అని సిసోయ్ చర్చి మెట్లమీద అనేశాడు. పవిత్రుడిపై అపనిందగా పరిగణించి, జనరల్ గారు స్వహస్తాలతో సంతకం పెట్టి అతన్ని సైబీరియాకు సాగనంపారు. మెలితీనాను మాత్రం కదిలించలేదు. మీగడలో చేప అంత కమ్మగా వండేవాళ్ళు మరొకరు దొరకరు.

ఈ ఏడాది ఉపవాసాల్లో అదే మీగడ చేప తింటుండగా ముల్లు గొంతుకు అడ్డంపడి స్వామి కన్నుమూశారు. ఇక సిసోయ్ మాట నిజమని తేలినట్టే, ఇంటికి వచ్చేసినట్టే అనుకుంది మెలితీనా. దేవుడి పటం ముందు దీపం వెలిగించి సాక్ష్యానికి వెళ్ళింది.

అక్కడ కౌంటెస్ గ్లికేరియా దొరసాని కళ్ళొత్తుకుంటూ చెబుతున్నారు: "విషమిచ్చినా ఆయన టీలా తాగేసేవారండీ! ఆ చూపు పడితే చాలు, నా మోకాళ్ళు వాటంతటవే వంగేవి."

ఒక మంత్రిగారు లేచారు. "తమ్ముడి కొడుక్కి గవర్నరు పదవి నేనివ్వలేదు. ఆ కళ్ళు ఇప్పించాయి." సభ్యులందరూ సానుభూతితో తలలూపారు. ఎవరి సంతకం వెనక చూసినా ఆ కళ్ళే కనబడ్డాయి.

మెలితీనా వంతు వచ్చింది.

"ఏమమ్మా, స్వామి కళ్ళలోంచి నిప్పులు రాలుతుండేవా?" అన్నారు జనరల్.

"పొయ్యి దగ్గరికొచ్చి గిన్నెల మూతలు తీసి చూసేవాడు బాబుగారూ. పొగకి ఎర్రబడేవి. కళ్ళ సంగతి నాకెందుకు, ముల్లు సంగతి అడగండి. వండింది నేనే. మా ఆయన అబద్ధమాడలేదు, ఇంటికి పంపించెయ్యండి."

జనరల్ గారు వెండి డబ్బీని గుండెకు హత్తుకున్నారు. "మతి ఉండే మాట్లాడుతున్నావా? ఉపవాసంలో చేప తినే తిండిపోతుకా ఇంత దర్బారూ మోకరిల్లింది?"

"మోకరిల్లారు కదండీ. వడ్డిస్తూ చూశాగా."

ఆమెను బయటికి పంపారు. సంఘం తీర్పు: స్వామి చూపులో మానవాతీత శక్తి ఉండుట వాస్తవం, కావున సంతకాలు చేసిన పెద్దలందరూ నిర్దోషులు. చేప అనేది కట్టుకథ, కావున సిసోయ్ శిక్ష సక్రమం. దేవుణ్ణి మాత్రం ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు.

వాకిట్లో కూలబడ్డ మెలితీనాను చూసి ముసలి ద్వారపాలకుడు జాలిపడ్డాడు. "పిచ్చిమొహమా, చచ్చినాయన గొంతులో ముల్లు పట్టుకుని వేలాడతావేమే? కొత్తాయన వచ్చాడుగా. యెవ్దోకిమ్ స్వామి. మంచులో చెప్పుల్లేకుండా నడుస్తాడట. ఆయన ఒక్క మాటంటే మీ ఆయన రేపే బండెక్కుతాడు."

మెలితీనా వెళ్ళి వరసలో నిలబడింది. ముందు జనరల్ గారే ఉన్నారు, చేతిలో కొత్త డబ్బీతో. తన వంతు వచ్చాక ఆమె మోకరిల్లి, భర్త విషయం చెప్పుకుని, తలెత్తి ఆ కళ్ళలోకి చూసింది. చిన్న కళ్ళు. ఒకదాని మూల పుసి. స్వామి ఆవులించి, "చూద్దాంలే" అన్నాడు. గది మూల, పొయ్యి పక్కన, మంచుకు తడిసిన ఉన్ని బూట్లు ఆరుతున్నాయి.

బయటికి రాగానే వరసలోని ఒక పల్లెటూరి తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "నా కొడుకు జైల్లో ఉన్నాడక్కా. నిజం చెప్పు, ఆయన చూపులో శక్తుందా?"

తలుపు ఇంకా ఓరగా తెరిచే ఉంది. లోపలివాళ్ళకు మాట వినబడుతుంది.

"ఉందమ్మా," అంది మెలితీనా. "నా మోకాళ్ళు వాటంతటవే వంగాయి."