చల్లదనానికి పర్మిషన్

ఇంజనీరును నమ్మకపోవడమంత లాభసాటి బేరం మరొకటి లేదు! నవ్వకండి, అనుభవంతో చెబుతున్నాను.

ఈ బేరంలోకి దిగేనాటికి నా చేతిలో ఉన్నవి రెండే. కొత్తకోట హైవే పక్కన మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీ, దాని మిషన్లను కంప్యూటర్‌తో నడిపే ఇంజనీరు వినయ్. మాస్టర్ పాస్‌వర్డ్ అతనొక్కడికే తెలుసు. ఆరేళ్లలో ఒక్క బస్తా చెడలేదు.

చెడలేదంటే అనుమానించాలా, వద్దా? హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఆయన సరిగ్గా అదే అడిగాడు. "దొంగ బయటి నుంచి రాడు సార్, పాస్‌వర్డ్ తెలిసినవాడే దొంగ!" ఆ మాట నాకు భలే నచ్చింది. పాస్‌వర్డ్ నాకు తెలియదు కదా!

వెంటనే ఆయన సాఫ్ట్‌వేర్ కొని కట్టుదిట్టం చేశాను. వినయ్ ఏ మిషన్ ముట్టుకోవాలన్నా కంప్యూటర్‌లో కారణం రాసి అడగాలి. ఓటీపీ నా ఫోన్‌కు వస్తుంది. నేను చెబితేనే పని. అతను నొక్కే ప్రతి మీటా వీడియోలో రికార్డు. ఫొటోలు తీస్తాడేమోనని అతని ఫోన్ గేటు దగ్గరే పెట్టించాను. కంప్రెసర్ అంటే ఏమిటో తెలియనివాడి చేతిలో కంప్రెసర్ల అనుమతులన్నీ ఉండటం! అభివృద్ధి అంటే ఇదే కదా?

మే నెలలో అమరచింతలో పెళ్లికి వెళ్లాను. బగారన్నంలో చెయ్యి పెట్టానో లేదో, కొత్త నంబరు నుంచి ఫోన్.

"సేటు, నేను వినయ్‌ని. మిషన్లు బందైనయ్. మీకు ఓటీపీ వచ్చింది, జల్ది చెప్పుండ్రి!"

మీరైతే చెబుతారా? ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు ఎన్నిసార్లు మొత్తుకోలేదు?

"ఎవనికి టోపీ పెడ్తున్నవ్ రా? వినయ్ ఫోన్ గేటు కాడుంటది, నాకు తెల్వదా?" అని నంబరు బ్లాక్ చేశాను. పంక్తిలో అందరూ మెచ్చుకున్నారు. మటన్ మళ్లీ వడ్డించారు. ఆ తర్వాత కూడా ఓటీపీలు వస్తూనే ఉన్నాయి. దొంగ పట్టు వదల్లేదు, నేనూ వదల్లేదు!

సాయంత్రం తిరిగొచ్చేసరికి గేటు దగ్గర నర్సమ్మ కూర్చుని ఉంది. ధర పెరిగాక అమ్మి పొలంలో బోరు వేయించుకుందామని పన్నెండు బస్తాల మిర్చి నా దగ్గర దాచిన రైతు.

"ఆ ఫోన్ నాదే సేటు. నీ ఆర్డర్ లేంది వాచ్‌మన్ ఆ పిలగాని ఫోన్ ఇయ్యకపాయె. నువ్వేమో నన్నే దొంగను చేస్తివి. నా మిర్చికి చెమటలు పట్టినయ్, సూడు పో!"

"ఫోన్ నీదని జర ముందే చెప్తే..."

"చెప్పనిస్తివా?"

లోపలికి వెళ్లి వీడియో మొత్తం చూశాను. సాఫ్ట్‌వేర్ పనితనం అద్భుతం! చల్లదనం పోతోందని వినయ్ పదకొండు సార్లు రాసి అడిగాడు. పదకొండు సార్లూ పని ఆపినవాడి పేరు ఎర్ర అక్షరాల్లో, మా ఇంటిపేరుతో సహా పడింది. సంస్థకు ప్రమాదకరమైన మనిషి దొరికాడు!

"ఈ మనిషి అధికారాలన్నీ తీసెయ్" అన్నాను వినయ్‌తో.

"తీసెయ్యాలన్నా ఆయన ఓటీపీనే కావాలె సేటు."

ఈసారి ఓటీపీ చెప్పాను, మిషన్లు మళ్లీ తిరిగాయి. తలుపు పక్కనే ఉండి మిగతావాటికన్నా ముందే చెడిన నర్సమ్మ మిర్చిని మంచి మిర్చి ధరకు నేనే కొన్నాను. మొత్తం మీద నాకు మిగిలిన లాభం: పన్నెండు బస్తాల రంగు పోయిన మిర్చి. ఆ రంగు పోతున్నంతసేపూ నా అనుమతి కోసం చేతులు కట్టుకుని కూర్చున్న ఇంజనీరు వీడియో, చాలా క్లియర్‌గా.