హెల్మెట్ తియ్యని అల్లుడు

పోలా పండుగ నాడు పొద్దున్నే హరిప్రసాద్ భార్యకు చెప్పిన కార్యక్రమం చాలా సాదాగా ఉంది. ఘుగ్గుస్ దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో షట్‌డౌన్. ఇంజనీరు లేకపోతే అక్కడ బోల్టు కదలదు. కాబట్టి తను డ్యూటీకి వెళ్తాడు. ఉదయశ్రీ చంద్రపూర్‌లో బస్సెక్కి, కోర్పనా దగ్గరి పుట్టింటికి పోయి, ఎడ్ల పండుగ చూసుకొని వస్తుంది.

"మా నాయన మరీ మరీ చెప్పి పంపిండు," అంది ఉదయశ్రీ, పులిహోర డబ్బాలో సర్దుతూ. "మోకాళ్లు అస్సలు లేస్తలేవట. మానం జోడి పగ్గం పట్టేటందుకు మనిషి లేడు. పక్కింటి బాపురావు పటేల్ సంవత్సరం సంది కాచుకొని కూసున్నడు."

"నాకు మాత్రం మనసుల లేదా? బట్టీ ఆగింది ఉదయా! బట్టీ అంటే పొయ్యి అనుకున్నవా, ఊదంగనే అంటుకునేటందుకు?"

ఆ ఊళ్లో పోలా నాడు ఊరి ఎడ్లన్నీ కొమ్ములకు రంగులు పూయించుకొని తోరణం ముందు బారులు తీరుతాయి. అన్నిటికంటే ముందు తోరణం కింద నుంచి నడిచేది మానం జోడి. తాతల కాలం నుంచి ఆ జోడి ఉదయశ్రీ తండ్రి చిన్నయ్యది. పగ్గం ఇంటి మనిషే పట్టాలి, జీతగాడు పట్టకూడదు. ఒక్క ఏడు తప్పితే ఆ మర్యాద పక్కింటికి పోతుంది, పోయింది తిరిగి రాదు. చిన్నయ్యకు కొడుకులు లేరు. ఉన్నది ఒక్క కూతురు, ఒక్క అల్లుడు.

ఆ అల్లుడికి ఎడ్లంటే భయం. పద్నాలుగు వందల డిగ్రీల బట్టీ ముందు నవ్వుతూ నిలబడగలడు గానీ ఎద్దు ముందు నిలబడలేడు. బట్టీకి కొమ్ములుండవు. పైగా కొత్త మోటారుసైకిలు కొని నెల కాలేదు. వానలో మాణిక్‌గఢ్ గుట్టలెక్కి దిగుదామని మిత్రులతో మాట అయిపోయింది. నాగపూర్ నుంచి తెప్పించిన హెల్మెట్ కూడా ఉంది, మొహమంతా కప్పేది. చంద్రపూర్‌లో అప్పటికి అలాంటిది పెట్టుకున్నవాణ్ణి చూడడానికి పిల్లలు వెంటపడేవారు.

షట్‌డౌన్ డ్యూటీకి రెయిన్‌కోటు, కెమెరా, ఆరుగురికి సరిపోయే పులిహోర ఎందుకని ఉదయశ్రీ అడగలేదు. డబ్బా మూత గట్టిగా బిగించి ఇచ్చింది.

ఆరు మోటారుసైకిళ్లు బయలుదేరాయి. రాజురా దాటగానే జల్లు మొదలైంది. గడ్‌చాందూర్‌లో ఒక చాయ్ హోటల్లో మిర్చి భజ్జీలు అప్పుడే నూనెలోంచి దిగుతుండడంతో మూడు బండ్లకు గుట్టల మీద ఆసక్తి పోయింది. మిగిలినవాళ్లు హరిప్రసాద్, ల్యాబులో పనిచేసే మధు, స్టోర్స్‌లో పనిచేసే దత్తు.

గుట్టల రోడ్డు మాత్రం కన్నులపండువగా ఉంది. టేకు ఆకుల మీద వాన డప్పులా మోగుతోంది. మబ్బు ముక్కలు రోడ్డుకు అడ్డంగా వచ్చి, హారన్ కొడితే తప్పుకుంటున్నట్టే ఉన్నాయి. ముందు పోతున్న హరిప్రసాద్ ప్రతి మలుపులోనూ చెయ్యెత్తి వెనకవాళ్లకు సైగలు చేశాడు. వాటి అర్థం వాళ్లకు తెలియదు, అయినా బుద్ధిగా తలలూపారు. ఒక్క బండీ జారలేదు. ఎవరి మోచెయ్యీ గీసుకుపోలేదు. రావలసిన కష్టమంతా కింద చదును నేల మీద కాచుకొని ఉంది.

గుట్ట దిగాక ఒక లారీ డ్రైవరు ఆపి చెప్పాడు. వచ్చిన దారిలో ఒర్రె పొంగింది, వంతెన కనిపించడం లేదు, కోర్పనా మీదుగా పోవాల్సిందే. హరిప్రసాద్ బ్రేకు మీద కాలు అలాగే ఉంచేశాడు.

"గా రోడ్డు ఒద్దు."

"ఎందుకన్నా?" అన్నాడు మధు.

"నడుమ మా అత్తగారి ఊరున్నది."

"అరే వా! పండుగ నాడు తినేటందుకు పురన్‌పోళీలు దొరుకుతయి, చలో!" అన్నాడు దత్తు.

"నేను డ్యూటీల ఉన్న దత్తూ."

మిత్రులిద్దరికీ అప్పుడు అర్థమైంది. రోడ్డు వదిలి, ఊరి వెనకనుంచి పత్తి చేన్ల మధ్య ఎడ్లబండ్లు పోయే బాట ఉందని, అది తనకు అరచేతిలో గీతలా తెలుసని హరిప్రసాద్ ధీమాగా చెప్పాడు. ఆ బాట ఎండాకాలంలో ఆయన ఒకసారి చూశాడు. వానాకాలంలో అది బాట కాదు, నానబెట్టిన నల్లరేగడి. ఫర్లాంగు పోకముందే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి కూరుకుపోయి, మూడు బండ్లూ పాతేసినట్టు నిలబడిపోయాయి. ముందుకు తోస్తే మనుషులు జారుతున్నారు, బండ్లు జారడం లేదు.

అంతలో చెరువులో కడిగి, కొమ్ములకు రంగు పూసిన ఎడ్ల జోడిని తోలుకుంటూ ఒక మనిషి వచ్చాడు. దూరం నుంచే హరిప్రసాద్ గుర్తుపట్టాడు. పోశన్న, మామగారి జీతగాడు. చటుక్కున హెల్మెట్ అద్దం కిందికి దించేశాడు.

"నేనెవలో ఎవలకూ చెప్పొద్దు, ఒట్టేయిండ్రి!" అన్నాడు లోపలినుంచి.

"దేని మీద?"

"మీ బండ్ల మీద!"

బండ్లు ఇంకా బ్యాంకు లోనులో ఉన్నాయి కాబట్టి ఇద్దరూ నిజాయితీగానే ఒట్టేశారు.

"ఎడ్లను కట్టి గుంజియ్యే తమ్మీ, పుణ్యముంటది," అని దత్తు పోశన్నను అడిగాడు.

పోశన్న రెండు చెవులూ పట్టుకున్నాడు. "ఇయ్యాల పోలా సాబ్! ఎడ్ల మెడ మీద కాడి పెడ్తే పాపం. నిన్ననే భుజాలకు నెయ్యి, పసుపు రాసి పండుగకు రమ్మని పిలిచినం. పిలిచి పని చెప్తమా? ఎడ్లబండి కావాలంటే ఇస్త, గా చేను గట్టు కాడ ఉన్నది. మోటర్లు దాన్ల ఎక్కియ్యిండ్రి."

"మరి గుంజేదెవలు?"

పోశన్న ముగ్గురినీ కాళ్ల నుంచి తలల దాకా చూశాడు. ఎద్దులు కొనేటప్పుడు చూసే చూపు అది. "గట్టిగనే ఉన్నరు గద," అన్నాడు.

అలా మూడు మోటారుసైకిళ్లు ఎడ్లబండి ఎక్కాయి. కాడికి ఒకవైపు హరిప్రసాద్, మరోవైపు మధు. వెనకనుంచి తోసే పని దత్తుది. ముందు రంగుల కొమ్ములతో ఎడ్లు ఠీవిగా, ఖాళీగా నడుస్తున్నాయి. మధ్యమధ్య వెనక్కి తిరిగి చూస్తున్నాయి.

"గా సాబ్ టోపీ తియ్యడా? ఊపిరాడుతదా?" అని పోశన్న అడిగాడు.

"తలకు దెబ్బ తాకింది," అన్నాడు మధు ఆలోచించకుండా.

అదే ప్రశ్న ఊరి మొగదల ఒక ముసలమ్మ వేస్తే, "మొక్కున్నది అవ్వా, పొద్దుగూకే దాంక మొహం చూపియ్యొద్దు," అన్నాడు దత్తు, మధు ఏం చెప్పాడో తెలియక. ఇంకెవరో ఎక్కడివాళ్లని అడిగితే, చంద్రపూర్ అంటే ఆనవాలు దొరుకుతుందని, "నాగపూర్ నుంచి వచ్చిన పెద్దాఫీసర్" అన్నాడు. ఊరివాళ్లు ఏ ఒక్కమాటనూ వదలలేదు. తల పగిలినా పోలా మొక్కు విడవకుండా, ఎద్దులకు కష్టమని తనే కాడి మోసుకుంటూ వచ్చిన నాగపూర్ ఆఫీసరు అని పావుగంటలో ఊరంతా పాకింది. ఇటువంటి ఆఫీసరును ఆ ఊరు అంతకుముందు చూడలేదు. డప్పులవాళ్లు ఎదురొచ్చారు. ఒక తల్లి కొమ్ములకు పూయగా మిగిలిన గులాబీ రంగు తెచ్చి, భక్తితో హెల్మెట్‌కు కూడా పూసింది.

ఎడ్లబండి చిన్నయ్యది కనుక చిన్నయ్య వాకిట్లోనే ఆగింది.

చిన్నయ్య కర్ర ఆనుకొని లేచి, ఆఫీసరుగారిని తీసుకుపోయి తోరణం దగ్గర తన పక్కనే కుర్చీ వేయించాడు. గొంతు విప్పితే పట్టుబడతాడు కాబట్టి హరిప్రసాద్ తల ఊపుతూ కూర్చున్నాడు. అద్దానికి లోపల ఆవిరి, బయట గులాబీ రంగు. లోకమంతా పండుగలాగే కనిపిస్తోంది.

"మా అల్లుడు కూడ ఇంజనీరే సాబ్," అన్నాడు చిన్నయ్య. "బంగారం అసొంటి పిలగాడు. ఇయ్యాల వచ్చి పగ్గం పట్టాల్నే. డ్యూటీ పడ్డది. డ్యూటీ అంటే పాణమిస్తడు. రాలేదని నాకేం కోపం లేదు."

హెల్మెట్ నెమ్మదిగా కిందికి వంగింది. ఆఫీసరుకు నొప్పి ఎక్కువైందని జనం జాలిపడ్డారు.

వానకు ఆలస్యమైన బస్సు అప్పుడే దిగి ఉదయశ్రీ వచ్చింది. రెయిన్‌కోటుకు మెడ దగ్గర తను కుట్టిన ఎర్రగుండీ చూసింది. మధునూ దత్తునూ చూసింది. వాళ్లు ఆకాశం వైపు చూశారు. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంటికి వెళ్లి, నెయ్యి కారే పురన్‌పోళీ బొబ్బట్లు, వేడి చాయ్ పళ్లెంలో పెట్టుకొని వచ్చి ఆఫీసరు ముందు నిలబడింది.

"తీసుకోండ్రి సార్."

ఆకలితో హరిప్రసాద్ చెయ్యి దానంతటదే లేచింది.

"అయ్యో, మొక్కున్నదట గద, మొహం చూపియ్యొద్దట! మరిచేపోయిన," అని ఉదయశ్రీ పళ్లెం వెనక్కి తీసుకుంది. "మీ దోస్తులకన్న పెడ్త." దత్తు రెండు తిన్నాడు. పులిహోర డబ్బా మోటారుసైకిలుకు కట్టే ఉంది. దాన్ని మాత్రం ఎవరూ తలుచుకోలేదు.

పొద్దు గుట్టల వెనక్కి దిగుతోంది. ఊరి ఎడ్లన్నీ బారు తీరాయి. చిన్నయ్య పగ్గం అందుకొని రెండడుగులు వేశాడు. మూడో అడుగు దగ్గర మోకాలు మడత పడింది. పోశన్న పట్టుకోకపోతే బురదలో కూర్చునేవాడే. బాపురావు పటేల్ మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు.

"రాహూ దే, పోనియ్యి చిన్నయ్యా, ఎందుకీ కష్టం? పగ్గం పట్టేటందుకు ఇంటి మనిషి లేకపాయె. మా జోడి ముందుగాల నడుస్తది. పంచాయతీ ఏం లేదు గద?"

చిన్నయ్య పగ్గం మాత్రం వదల్లేదు. దాన్ని చేతికి మరో చుట్టు చుట్టుకోవడం గులాబీ అద్దంలోంచి కూడా కనిపించింది. హరిప్రసాద్ ఇక కూర్చోలేకపోయాడు. ఎద్దు పొడిస్తే పొడిచింది, డ్యూటీ అబద్ధం బయటపడితే పడింది అనుకొని దిగ్గున లేచాడు.

"మామా! నేను పట్టుకుంట పగ్గం! నేను మీ అల్లుణ్ణి, హరిప్రసాద్‌ను!"

హెల్మెట్ లోంచి అది బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. గడ్డం కింది పట్టీ లాగాడు. బాటలోని రేగడి బకిల్‌లో కూరుకొని ఎండి సిమెంటులా బిగుసుకుంది. సిమెంటు ఇంజనీరు గోళ్లతో గీకాడు, రెండు చేతులతో గుంజాడు. తల ఊగింది తప్ప హెల్మెట్ కదల్లేదు, రంగు ఎండి అతుక్కుపోయిన అద్దమూ లేవలేదు.

"వారెవ్వా!" అన్నాడు బాపురావు. "ఇంతసేపు నాగపూర్ సాబ్, ఇప్పుడు అల్లుడా? మీ అల్లుడు డ్యూటీల ఉన్నడని నువ్వే గద చిన్నయ్యా ఊరందరికీ చెప్పినవ్? ఏం తమ్మీ, ఈయనెవలు?"

మధు, దత్తు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బండ్ల మీద ఒట్టు గుర్తొచ్చింది. "నాగపూర్ సాబే," అన్నారు గట్టిగా. హరిప్రసాద్ వాళ్లను లోపలినుంచి ఏదో అన్నాడు, అది బయటికి రాకపోవడమే మంచిదైంది.

ఇక అందరూ ఉదయశ్రీ వైపు తిరిగారు. "నువ్వు చెప్పు బిడ్డా," అన్నాడు చిన్నయ్య ఆశగా. "ఈయన మనోడేనా?"

ఉదయశ్రీ దగ్గరికి వచ్చి హెల్మెట్ అద్దంలోకి తీరిగ్గా చూసింది. లోపలినుంచి రెండు కళ్లు రెండు చేతులూ జోడించినంత పని చేశాయి.

"మా ఆయన డ్యూటీల ఉన్నడు," అంది. "పొద్దుగాల నాకు చెప్పే పోయిండు. అబద్ధమాడే మనిషి కాదాయన."

బాపురావు తన జోడి పగ్గం అందుకోబోయాడు.

"ఆగుండ్రి పటేల్ మామా," అంది ఉదయశ్రీ. "ఇంటి మనిషి పట్టాలె, గంతే గద? నేనెవల ఇంటి మనిషిని?"

"ఆడమనిషి పగ్గం పట్టుడా? ఎన్నడన్న ఉన్నదా గిట్ల?"

"ఒద్దని ఎన్నడన్న ఎవలన్న అన్నరా? లేగలప్పటి నుంచి కుడితి పెట్టింది నేనే. వాటికి లేని ఇబ్బంది మీకెందుకు?"

బాపురావు జనంలోకి చూశాడు. జనంలో సగం ఆడవాళ్లు. వాళ్లలో ముందు వరుసలో ఉన్నది ఆయన భార్య రాజమ్మ. "పట్టనియ్యిండ్రి, ఏం మునుగుతది?" అంది ఆమె. పటేల్ మీసం దువ్వుకోవడం ఆపేశాడు.

ఉదయశ్రీ కొంగు నడుముకు బిగించి, తండ్రి చేతిలోంచి పగ్గం తీసుకొని నాలుకతో టక్ టక్‌మని శబ్దం చేసింది. రెండెద్దులూ మెడలోని గంటలు మోగించుకుంటూ ఆమె వెంట నడిచాయి. తోరణం తెగి మామిడాకులు వాటి వీపుల మీద రాలాయి. డప్పులు మోగాయి, ఆడవాళ్లు అరిచిన అరుపుకు గుట్టలు కూడా ఒక్కసారి బదులిచ్చాయి. చిన్నయ్య మోకాళ్ల సంగతి మరిచి నిలబడి చూశాడు. నాగపూర్ ఆఫీసరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. అది నటన కాదు.

తర్వాత హెల్మెట్ తీయడానికి ఎడ్ల భుజాలకు రాయగా మిగిలిన నెయ్యి, పసుపు పనికొచ్చాయి. పట్టీని పోశన్న కొడవలితో కోశాడు. పసుపు మొహంతో, నెత్తంతా నెయ్యితో అల్లుడు బయటపడ్డాడు. చిన్నయ్య తన కండువాతో ఆ మొహం తుడిచాడు.

"అల్లుడా! అయిపోయిందా డ్యూటీ?" అన్నాడు ఎంతో ప్రేమగా.

"అయిపోయింది మామా," అన్నాడు హరిప్రసాద్.

"అలిసిపోయినవు బిడ్డా. కూసో, అన్నం తిను." కాడి మోసిన భుజాలు వాచిపోయాయని గమనించి, మిగిలిన నెయ్యి పసుపు వాటికి కూడా రాయించాడు.

మరుసటి ఏడు పోలాకు ఊరి పిలుపు ఉదయశ్రీ పేరు మీద వచ్చింది. తోడు ఎవరైనా వస్తే అభ్యంతరం లేదన్నారు.