అంతకంటే పెద్ద పని

పొద్దున్న ఎనిమిదింటికి కూర్చుంటే మధ్యాహ్నానికల్లా అయిపోతుందని సూచికలాయన లెక్క వేసుకున్నాడు. పుస్తకాల చివర ఏ పదం ఏ పేజీలో ఉందో చెప్పే పదసూచికలు తయారుచేయడం అతని వృత్తి. ఎనిమిదింటికి కూర్చున్నాడు కూడా. ‘అ’ మొదలుపెట్టగానే తలుపు కిర్రుమంటోందని గుర్తొచ్చింది. నూనె వేశాడు. ఆ చేత్తోనే కారుతున్న కుళాయి బాగుచేశాడు. తప్పించుకుంటున్న పని పెద్దదయ్యేకొద్దీ మిగతా పనులు అతనికి ఆటలా ఉంటాయి.

పది గంటలకు పక్కింటి పిన్నిగారు పాడైన ఇస్త్రీ పెట్టెతో వచ్చింది.

“ఇవాళ కాదు పిన్నిగారూ, ప్రాణం మీదికొచ్చిన పనుంది.”

“అదే చెప్పింది మీ ఆవిడ. అలాంటి రోజుల్లోనే నీ చెయ్యి బాగా తిరుగుతుందటగా!”

ఆ మాట మేడంతా పాకింది. పదకొండింటికి గుమ్మంలో రెండు ఫ్యాన్లు, ఒక గొడుగు, కుంటి కుర్చీ వరుస కట్టాయి. అప్పుడే ప్రెస్సు యజమాని ఫోన్ చేశాడు.

“ఎంతవరకు వచ్చింది?”

“‘అ’లో ఉన్నానండీ.”

“నిన్నా అక్కడే ఉన్నారు. సాయంత్రం అయిదింటికి నా బల్ల మీద లేకపోతే ఇక మీకూ మాకూ చెల్లు.”

ఇంటికి ఆధారమైన పని అది. భార్య పదేళ్లుగా పోరి చూసింది. ఇవాళ పోరలేదు.

“ఏవండీ, ఆ సూచిక పక్కన పెట్టండి. అంతకంటే పెద్ద పనుంది. మా అన్నయ్యకి క్షమాపణ ఉత్తరం రాయండి.”

“నేనా? దేనికి?”

“కొత్తింటి మెట్లు వంకరగా ఉన్నాయని పదిమందిలో అనలా? రెండేళ్లుగా మాటల్లేవు.”

“వంకరగా ఉన్నాయి కాబట్టే అన్నాను!”

“సాయంత్రంలోపు రాస్తారని ఫోన్లో చెప్పేశాను. ఇక మీ ఇష్టం.”

అతను తెల్ల కాగితం తీసి ‘బావగారికి’ అని రాశాడు. కలం ఆగిపోయింది. పక్కనున్న పుస్తకం ప్రూఫుల కట్ట అంత ముద్దుగా ఎప్పుడూ కనబడలేదు. భార్య అటు తిరగ్గానే దొంగలా ఒళ్లోకి లాక్కున్నాడు. ఫ్యాన్లు, గొడుగు కళ్లకు ఆనలేదు. నాలుగు దాటేసరికి అక్షరమాల చివరనున్న ‘క్ష’ దగ్గరికొచ్చాడు. ‘క్షమ’ అన్న పదాన్ని ఓరకంట చూసి, పేజీ సంఖ్య వేసి పారిపోయాడు. పావు తక్కువ అయిదుకు కట్ట యజమాని బల్ల మీదుంది.

తిరిగొచ్చేసరికి ఇంట్లో బావగారు! ఉత్తరం కోసమే వచ్చాడనుకుని అతను వెనక్కి తిరగబోయాడు. బావగారు లేచి గట్టిగా కౌగిలించుకున్నాడు.

“ఉత్తరాలెందుకు బావా మన మధ్య? తప్పు నాదే. మెట్లు వంకరే. నిన్న నేనే జారిపడ్డాను.”

భార్య కళ్లు తుడుచుకుంది. బావగారి జేబులో ఫోన్ మోగింది. ఆయన ఎత్తలేదు. మళ్లీ మోగింది.

“ఎవరన్నయ్యా?”

“ఆఫీసు. రేపు తనిఖీ అట. మూడేళ్ల ఫైళ్లు సర్దాలి. అదలా ఉంచు చెల్లీ, నేను క్షమాపణ చెప్పాల్సిన వాళ్లు మన చుట్టాల్లో ఇంకెవరైనా ఉన్నారా? ఇప్పుడే వెళ్లి చెప్పేసి వస్తాను.”

రెండేళ్ల అలక తీరడానికి మూడేళ్ల ఫైళ్లు కావలసి వచ్చాయి.