చంకలో అక్రమ నివాసులు

అరబ్బు దేశంలోని మా రైసూత్ క్యాంపులో కూలీలు కంపు కొడుతున్నారని 1978 ఎండాకాలంలో మా కంపెనీ అధికారికంగా గుర్తించింది. అంతకుముందూ కొట్టేవారు గానీ, అది అనధికారికం.

వెంటనే క్యాంపు నర్సు మణికుమారిని పిలిచి విచారించారు.

"చెమటకి వాసనుండదండీ. చర్మం మీద కంటికి కనబడని క్రిములుంటాయి. అవి చెమట తిని కంపు పుట్టిస్తాయి. రోజూ సబ్బుతో స్నానం, ఉతికిన చొక్కా. అంతేనండీ మందు," అందామె.

మేనేజరు దేవదాసు గారు స్నానం దగ్గర ఆగే మనిషి కాదు. వీసా లేకుండా, కంపెనీ అనుమతి లేకుండా, పైగా తిండితో సహా, క్యాంపులో కోట్లాది క్రిములు కాపురముంటున్నాయని ఆయన కనిపెట్టారు. ఈ దేశంలో పరాయివాణ్ణి రప్పించుకున్న యజమానిని కఫీల్ అంటారు. వచ్చినవాడి తప్పులకు ఆయనే పూచీ. కాబట్టి ఎవడి చంకలోని క్రిములకు వాడే కఫీల్ అని ఉత్తర్వు వెలువడింది. వారంలోగా వాటిని ఖాళీ చేయించనివాడు వాటితోపాటే విమానమెక్కాలి.

తాపీ పనిచేసే పోచన్న మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. "సారూ, నీళ్లిప్పియ్యిండ్రి. తానం జేస్త," అని మొరపెట్టుకున్నాడు.

"టాంకరు నీళ్లు గోడలకి. తడపకపోతే పగుల్తాయి. నువ్వు పగలవు కదా!" అన్నారు దేవదాసు గారు.

అలాగని కంపెనీకి దయ లేదనకండి. ఇక్కడివాళ్లు సాంబ్రాణి పొగ మీద బట్టలు పరిచి సువాసన పట్టిస్తారు. ఆ ఆచారాన్ని గౌరవిస్తూ, కూలీలందరూ డ్యూటీ దిగగానే పొగ దగ్గర చేతులెత్తి నిలబడాలన్నారు.

"సోదరులారా! చేతులెత్తిన జాతికి ఓటమి లేదు!" అని దేవదాసు గారు ఉపన్యసించారు. పొగకు కూలీలు దగ్గారు. క్రిములు దగ్గలేదు.

గడువు ముందురోజు సాయంత్రం పోచన్న తెగించాడు. తాను కట్టిన గోడను తడుపుతూ తడుపుతూ పైపు నెత్తిమీద పెట్టుకున్నాడు. నర్సమ్మ ఇచ్చిన సబ్బంతా అరగదీశాడు. చొక్కా ఉతికి ఆరేశాడు.

మర్నాడు తనిఖీలో దేవదాసు గారు అతని చుట్టూ తిరిగి వాసన చూశారు. ముఖం మాడ్చుకున్నారు.

"నిన్నంతా పని చేసినవాడి దగ్గర చెమట వాసనైనా రాదా? పనిదొంగ!"

"పొద్దుగూకేదాంక గోడ కట్టిన సారూ! సూడుండ్రి!"

న్యాయం కోసం ఆయన గోడనూ వాసన చూశారు. దానికీ చెమట వాసన లేదు. సాక్ష్యం చాలక పోచన్నను విమానమెక్కించారు. మిగిలినవాళ్లు యథాప్రకారం కంపు కొట్టారు. అంతమందిని పంపితే పని ఆగుతుంది గనుక వాళ్ల క్రిములకు గడువు పొడిగించారు.

ఆ గోడల మధ్య ఇప్పుడు చల్లని అతిథిగృహం ఉంది. మనలాంటి మర్యాదస్తులే దిగుతారు. ఏ మూలా ఎవరి చెమట వాసనా రాదు. పోచన్న పని చేయలేదనడానికి మనమందరం సాక్షులం.