చేమాకు కొస కింద కుర్చీ

పొద్దున్నే పాలు పొంగించి, మధ్యాహ్నం భోజనాలు పెట్టి, సాయంత్రానికి హాయిగా కాళ్ళు చాపుకోవాలన్నది సురేంద్ర అనుకున్న కార్యక్రమం. కువైట్ నుంచి సెలవు మీద వచ్చి, రాజోలు దగ్గర కట్టించిన కొత్తింటికి ఆవేళే గృహప్రవేశం చేస్తున్నాడు. ఇంటికి అసలు విశేషం ముందుగోడ. దాన్ని గీసింది అన్నగారి అమ్మాయి సౌజన్య. ఆర్కిటెక్టు చదువు ముగించుకొని ఈమధ్యనే వచ్చింది.

చేమాకు మీద పడ్డ నీళ్ళు ఈనెల వెంట జారి కొస నుంచి కారిపోతాయి కదా, అలాగే డాబా మీది వాననీళ్ళన్నీ గోడ మీది గాడుల వెంట దిగి, వాకిట్లోకి చొచ్చుకొచ్చిన సిమెంటు కొస నుంచి ఒకే ధారగా పడాలి. కింద తెల్లటి గులకరాళ్ళు, రాళ్ళ కింద తొట్టి. బోరు వేస్తే ఉప్పునీళ్ళొచ్చే ఊళ్ళో అంతకంటే ఏం కావాలి!

సురేంద్ర భార్య అన్నపూర్ణకు పెదనాన్న అయిన భీమరాజుగారు ఆలమూరు నుంచి వచ్చారు. ఆయన అక్కడ మేడ కట్టబోతున్నారు. ఈ గోడ నచ్చితే ఆ పని సౌజన్యది. నచ్చకపోతే పిల్ల హైదరాబాదు వెళ్ళి, ఎవరో గీసినవి దిద్దుకుంటూ ఏదో ఆఫీసులో కూర్చోవాలి. ఈ సంగతి తెలిసినవాళ్ళు కాబట్టి ఇంట్లోవాళ్ళు పెద్దాయనకు వాకిట్లో అన్నిటికంటే అందమైన చోటు ఎంచి, తెల్లరాళ్ళ నడుమ మహారాజా కుర్చీ వేశారు.

అది చూసి సౌజన్య సురేంద్ర దగ్గరికి పరిగెత్తింది. సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది.

"బాబాయ్, ఆ కొస సరిగ్గా తాతయ్యగారి నెత్తిమీదే ఉంది! లేవమని చెప్పండి."

"మావయ్యగార్నా? కూర్చున్న పెద్దమనిషిని లెగమంటే ఇంకేవన్నా ఉందా!" అంటూనే సురేంద్ర వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం బాబూ?"

"ఆయ్, ఏం లేదండి. మజ్జిగ పుచ్చుకుంటారేమోనని అండి."

మజ్జిగ వచ్చింది. ఈ మగాళ్ళింతే అనుకుంటూ అన్నపూర్ణ బయల్దేరింది. "పెదనాన్నగారూ, ఇక్కడ ఎండగా ఉందేమో..."

"మబ్బేసింది కదమ్మా!"

అదీ నిజమే. ఇంకేమీ తోచక ఆవిడ కూలరు తెప్పించి ఆయన ఎదురుగా పెట్టించింది. కూలరు చూసిన చుట్టాలు ఏదో సన్మానం ఉందనుకున్నారు. సన్మానమంటే మనం వెనకబడకూడదని సురేంద్ర తల్లి సుబ్బాయమ్మ దండ తెచ్చి వేయించింది. దండ పడేసరికి ఫొటోగ్రాఫర్ శ్యామ్ బాబు జనాన్ని చుట్టూ నిలబెట్టేశాడు. ఇప్పుడాయన లేద్దామన్నా దారి లేదు.

చివరికి సౌజన్యే జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది.

"రామ్మా, నీ గోడ సంగతి చెప్పు," అన్నారు భీమరాజుగారు.

"లోపల్నించి బాగా కనపడుద్దండి తాతయ్యగారూ, లోపలికి రండి!"

"ముందుగోడ లోపల్నించి కనపడ్డవేంటమ్మా?"

అందరూ ఘొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే వాన దంచేసింది. చుట్టాలంతా వరండాలోకి పరిగెత్తారు. భీమరాజుగారు దండ సర్దుకుని లేవబోయే లోపలే డాబా మీది నీళ్ళన్నీ గాడుల్లో ఉరికొచ్చి, ఒకే ధారగా ఆయన నడినెత్తిన పడ్డాయి. సౌజన్యకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇక హైదరాబాదే.

పెద్దాయన నీళ్ళు కారుతూ వరండా ఎక్కారు. "ఒక్కళ్ళన్నా చెప్పకూడదుటయ్యా?"

"ఆయ్... తమర్ని లెగమంటే బాగోదని అండి," నసిగాడు సురేంద్ర.

"ఓరి మీ మర్యాద తగలెయ్య! నడుం పట్టేసి నేనెప్పట్నించో లెగుద్దామనే చూస్తున్నాను. మీరిలా వరసపెట్టి వస్తుంటే లెగిస్తే బాగోదని కూర్చుండిపోయేను!"

కండువా పిండుకుంటూ ఆయన గోడకేసి తిరిగారు. గుమ్మం పొడిగా ఉంది. కిటికీలు పొడిగా ఉన్నాయి. రాళ్ళ కింద తొట్టి నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"డాబా మీది నీళ్ళన్నీ నా మీదే పడ్డాయా?"

"అన్నీనండి," అంది సౌజన్య వెక్కుతూ. "ఒక్క చుక్క కూడా పక్కకి పోలేదండి."

"మా ఇంట్లో వానొస్తే గదికో గిన్నె పెట్టుకుంటాం. పడమన్నచోటే పడే నీళ్ళు ఇన్నాళ్ళకి చూసేను. మేడ నువ్వే గియ్యాలమ్మా."

సౌజన్య పట్టరాని సంతోషంతో కాళ్ళకు దండం పెట్టింది. భీమరాజుగారు ఆమెను లేవదీసి, ఎవరికీ వినపడకుండా అన్నారు:

"మా మేడ గృహప్రవేశానికి మా వియ్యంకుడొస్తాడు. ఆయన కుర్చీ ఎక్కడ వెయ్యాలో మటుకు ముందే ప్లాన్లో గుర్తు పెట్టియ్యి."