మావగారి గ్యాస్ బ్లాక్

ఆ శనివారం పొద్దున్న కర్టిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా మావగారి రైఫిల్‌కు గ్యాస్ బ్లాక్ మార్చేయడం, ఆపైన కూర్చుని పాన్‌కేకులు తినడం. గ్యాస్ బ్లాక్ అంటే తుపాకీ గొట్టం చుట్టూ ఉంగరంలా బిగించే ఇనుప ముక్క. పేలిన తూటా తాలూకు గ్యాసును అది వెనక్కి మళ్లిస్తేనే తర్వాతి తూటా దానంతటదే ఎక్కుతుంది. వదులైందంటే ప్రతి తూటానూ చేత్తో ఎక్కించాల్సిందే.

"వచ్చే శనివారం క్లబ్బులో షూటింగ్ పోటీ ఉంది. దీని బ్లాక్ వదులైంది. చిన్న రిపేరు. నీ వల్ల అవుతుందా, మా అమ్మాయికి చెప్పనా?" అని ముందురోజే రైఫిల్ చేతిలో పెట్టి వెళ్లాడు మావగారు వెండెల్. పెళ్లయిన పదకొండేళ్లలో అల్లుడి గురించి ఆయన నోట ఒక్క మంచి మాట రాలేదు. ఈసారి రాబట్టి తీరాలని కర్టిస్ పంతం పట్టాడు.

పొద్దున్నే తుపాకుల కొట్లో, కొట్టువాడు లైల్ అడిగాడు. "బ్లాక్ కూర్చునే చోట గొట్టం మందం ఎంత?"

కర్టిస్ కొలవలేదు. కౌంటరు పక్కన కాఫీ తాగుతున్న ముగ్గురు ముసలాళ్లు చెవులు రిక్కించారు. ఇంటింటా తుపాకీ ఉండే వయోమింగ్‌లో పుట్టిన మగాడు ఆ కౌంటరు ముందు 'తెలీదు' అనడం కంటే ప్యాంటు లేకుండా నిలబడడం నయం.

"అందరిదీ ఎంతో అంతే," అన్నాడు దర్జాగా.

"అయితే ముప్పాతిక అంగుళం."

"మరి? అదే ఇవ్వు."

వెండెల్ గొట్టం అందరి గొట్టం లాంటిది కాదు. ఆయనలాగే దానికీ మందం ఎక్కువ. కర్టిస్ ఇంటికొచ్చి నూనె రాశాడు, సుత్తి తీశాడు.

"ఏంటండీ ఆ మోత? పాన్‌కేకులు చల్లారిపోతున్నాయి!" అని వంటింట్లోంచి భార్య ట్రేసీ అరిచింది.

"వచ్చేస్తున్నానే, ఇంకొక్క దెబ్బ!"

ఆ దెబ్బకు బ్లాక్ దారిలో ఇరుక్కుపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు. పట్టుబిగించి పీకితే అది రాలేదు సరికదా, గొట్టం నిండా గాట్లు పడ్డాయి. మావగారికి చెప్పేస్తే పోయేది. కానీ చెప్తే పదకొండేళ్ల ఆశ గంగపాలు! అందుకని అదే కొలత బ్లాక్ ఇంకోటి కొని, దానికి సరిపడే గొట్టం కూడా కొన్నాడు. తలకు తగ్గ టోపీ కొనేవాళ్లనే చూశాం గానీ, టోపీ కోసం తల మార్చిన మహానుభావుడు ఇతనొక్కడే.

కొత్త గొట్టం పొడుగు. పాత గ్యాస్ పైపు అందలేదు, అదీ కొన్నాడు. పైపు మీది తొడుగు పొట్టిదైపోయింది, అదీ మార్చాడు. నిగనిగలాడే ఆ తొడుగు పక్కన, భుజానికి ఆనించే వెనకాల మడమ వెలిసిపోయి దిష్టిబొమ్మలా కనిపించింది. అదీ పోయింది.

"ఒక్కసారే కొత్త రైఫిల్ కొనుక్కోరాదూ?" అన్నాడు లైల్, గురువారంనాడు.

"చిన్న రిపేరే," అన్నాడు కర్టిస్ పళ్లు నూరుతూ.

ఇలా ఒక్కోటీ మారిపోయి, శుక్రవారానికి వెండెల్‌దంటూ మిగిలింది ట్రిగ్గర్ ఉన్న అడుగు ముక్క ఒక్కటే.

పోటీరోజు ఆయన రైఫిల్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ముప్పై తూటాలు పేల్చాడు, ముప్పయ్యీ తగిలాయి. ఒక్క మెచ్చుకోలు మాటైనా అనకుండా అల్లుణ్ణి ట్రక్కులో ఎక్కించుకుని తన ఇంటికి తీసుకొచ్చాడు.

గుమ్మంలో అత్తగారు ఆర్లీన్ కాచుకుని ఉంది. "ఏంటది, తళతళలాడుతోంది? ఇంకో కొత్త తుపాకీ గడప దాటితే మా అక్క దగ్గరికి పోతానని చెప్పానా, లేదా?"

"పాతదేనే తల్లీ! అల్లుడు చిన్న రిపేరు చేశాడు. కావాలంటే నంబరు చూసుకో."

నంబరు ఉండేది ఆ అడుగు ముక్క మీదే. చట్టం లెక్కలో అదే రైఫిలు, తక్కినవన్నీ విడిభాగాలు. ఆర్లీన్ కళ్లజోడు పెట్టుకుని, డ్రాయరులోంచి కాగితం తెచ్చి, ఒక్కో అంకె సరిచూసింది. పొల్లు పోలేదు. గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది.

వెండెల్ అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "కొత్త రైఫిల్ కోసం ఆరేళ్లుగా మొహం వాచిపోయి ఉన్నానోయ్. ఆ బ్లాక్ స్క్రూ వదులు చేసింది నేనే. బిగిస్తే సరిపోయేది."

కర్టిస్ నోరు తెరిచాడు. "మరి నాకెందుకు ఇచ్చారు మావయ్యా?"

"బిగించి ఊరుకునే రకం కాదు నువ్వు. ఆ నమ్మకంతోనే ఇచ్చా. శభాష్ అల్లుడూ!"

పదకొండేళ్లలో కర్టిస్‌కు దక్కిన మొదటి మెప్పు అదే.